నంబరు గీకేసిన కెమెరా ఎంత చౌకైనా కొనొద్దు



శ్రావణం, మాఘం ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో సెకండ్ హ్యాండ్ కెమెరాల బేరాలు ఊపందుకుంటాయి. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఫుల్‌ఫ్రేమ్ బాడీ, దానికో 24-70 లెన్సు కొత్తవి కొనడం తలకు మించిన భారం. కాబట్టి పాతవి కొనడాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే బాడీ అడుగున స్టిక్కరు ఊడదీసినవి, లెన్సు మీద సీరియల్ నంబరు గీకేసినవి కూడా ఆ బేరాల్లోకి వస్తుంటాయి. వాటిని ఎంత తక్కువకిచ్చినా కొనకూడదన్నదే నా వాదన. అది దొంగసొత్తు కావచ్చన్న అనుమానం సరే, అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. రేపు చిక్కు వస్తే ‘నేను నిజాయతీగానే కొన్నాను’ అని చెప్పుకోవడానికి ఉన్న ఆధారాన్ని కొనేవాడు తన చేతులతోనే వదులుకుంటున్నాడు.

1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. అందులోని కొద్దిపాటి మినహాయింపులు దొంగిలించిన వస్తువుకు అక్కరకు రావు. అంటే పూర్తి సొమ్ము చెల్లించినా అసలు యజమాని వచ్చి రుజువు చూపిస్తే వస్తువు అతనిదే. ఇక 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 411, దొంగసొత్తని తెలిసి తీసుకున్నవాడితోనే ఆగదు. అలా నమ్మడానికి తగిన కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకున్నవాడికీ మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పెట్టె మీది నంబరు, బిల్లు మీది నంబరు, బాడీ మీది నంబరు ఒకటే అయినప్పుడు కొన్నవాడు ధైర్యంగా మాట్లాడగలడు. నంబరు గీకేసి, సగం ధరకే అమ్ముతుంటే అనుమానం ఎందుకు రాలేదని దర్యాప్తు అధికారి అడిగితే ఏమని చెబుతాడు? నిందితుడిగా చేర్చకపోయినా, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద అనుమానాస్పద వస్తువును పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు. దాన్ని విడిపించుకోవడానికి కోర్టుకు తిరుగుతుంటే అడ్వాన్సు తీసుకున్న పెళ్లిళ్లు ఆగవు కదా.

స్టిక్కరు చెమటకు, ట్రైపాడ్ ప్లేటు రాపిడికి అరిగిపోతుంది, అంతమాత్రాన దొంగదంటారా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కెమెరా లోపలే ఉంది. చాలా కెమెరాలు తాము తీసే ప్రతి ఫొటో ఫైలులో బాడీ నంబరును రాసిపెడతాయి. ఫొటో ఫైలులో ఇలాంటి వివరాలు రాసే ఎగ్జిఫ్ ప్రమాణంలో 2010 నుంచి దీనికోసం ప్రత్యేకంగా ఒక గడి కూడా ఉంది. బేరం దగ్గరే ఒక ఫొటో తీసి, కార్డు నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, ఎగ్జిఫ్ చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఆ నంబరును బిల్లుతో పోల్చుకోవాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఈ వివరాలు రాలిపోతాయి, కాబట్టి అలా పంపిన శాంపిల్ చూసి నమ్మకూడదు. మరమ్మతులో అడుగు భాగం మార్చారంటే సర్వీసు రసీదు ఉండాలి. స్టిక్కరు నిజంగానే అరిగిపోయినవాడికి ఇవి చూపించడం కష్టం కాదు. చూపించలేనివాడి దగ్గర కొనాల్సిన అవసరం మనకేముంది?

మొబైల్ ఫోనుకైతే ఐఎంఈఐ ఉంది. ఫోను పోతే సంచార్ సాథీ పోర్టల్‌లో నమోదు చేసి దేశంలో ఏ నెట్‌వర్కులోనూ పనిచేయకుండా చేయవచ్చు. కెమెరాకు నెట్‌వర్కూ లేదు, దూరం నుంచి ఆపే దారీ లేదు. దాన్ని గుర్తించడానికి ఉన్న గట్టి ఆధారం సీరియల్ నంబరే. మన మూడు పట్టణాలకు ఇది ఇంకా ముఖ్యం. కుప్పం స్టేషను బెంగళూరు–చెన్నై రైలు మార్గం మీదే ఉంది, మదనపల్లె, పుంగనూరుల నుంచి బెంగళూరు బస్సులో కొన్ని గంటల దూరం. ఒక రాష్ట్రంలో పోయిన వస్తువు అదే రోజు మరో రాష్ట్రంలో చేతులు మారగలదు. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు చేసే వీలును కొత్త చట్టం ఇచ్చింది గానీ, అందులో నంబరు లేకపోతే వెతికేవాళ్లకు పట్టు దొరకదు. నంబరు లేని కెమెరా కొన్నవాడికి అదే కెమెరా రేపు కల్యాణ మండపంలో పోతే, తనదని చెప్పుకోవడమూ కష్టమే.

పేద కుర్రాళ్ల పొట్ట కొడుతున్నారన్న మాట కూడా వినిపిస్తుంది. కానీ ఈ దొంగతనాలకు బలయ్యేదీ అదే కుర్రాళ్లు. 2024లో విశాఖకు చెందిన ఒక యువ ఫొటోగ్రాఫర్‌ను షూటింగ్ ఉందని కోనసీమకు పిలిపించి, కెమెరాల కోసమే చంపేశారని పోలీసులు తేల్చారు. ఎత్తుకెళ్లిన కెమెరాను అడిగి కొనేవాళ్లు లేకపోతే దాని కోసం ఎవరూ అంతకు తెగించరు. దొంగసొత్తు కాదు, విదేశం నుంచి తెచ్చిన సరుకు అని అమ్మేవాడు చెప్పినా సమస్య తీరదు. అలాంటిదానికి నంబరు గీకాల్సిన పనేమిటి? నంబరు ఉన్న బాడీకి పది, పదిహేను వేలు ఎక్కువైనా మళ్లీ అమ్మినప్పుడు ఆ సొమ్ము చాలావరకు తిరిగొస్తుంది. నంబరు లేనిదాన్ని మళ్లీ మరొకరిని మోసం చేసే అమ్మాలి.

కాబట్టి మూడు పట్టణాల ఫొటోగ్రాఫర్లు, వీడియోగ్రాఫర్ల సంఘాలు తమ సభ్యుల బాడీలు, లెన్సుల నంబర్లతో ఒక రిజిస్టరు పెట్టుకోవాలి. పాత కెమెరాలు అమ్మే దుకాణాలు ప్రతి బిల్లు మీద నంబరు రాయాలి, తమకు అమ్మినవారి గుర్తింపు కార్డు నకలు ఉంచుకోవాలి. కెమెరా పోయిందని ఎవరైనా వస్తే పోలీసులు ముందుగా నంబరు అడిగి ఎఫ్‌ఐఆర్‌లో చేర్చాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం గానీ ప్రభుత్వ నిధులు గానీ అక్కర్లేదు. వచ్చే ముహూర్తాల లోపే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మదనపల్లె