యుద్ధానికి అప్పు, బడికి చందా

అమెరికా ఆదాయపు పన్ను ఫారంలో మాలాంటి టీచర్ల కోసం ఒక గడి ఉంది. క్లాసు కోసం సొంత డబ్బుతో కొన్న పెన్సిళ్లూ, కాగితాలూ, పుస్తకాల ఖర్చును ఒక పరిమితి దాకా ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. 2002లో మొదలైనప్పుడు అది 250 డాలర్లు. ఇరవై ఏళ్లకు ఇంకో యాభై పెంచారు. టీచరు జేబులోంచి బడి నడుస్తుందని ప్రభుత్వమే చట్టంలో ఒప్పుకుందన్నమాట.

నేను ఒంగోలు నుంచి వచ్చి టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒక పబ్లిక్ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఊరికి ఫోను చేస్తే, ‘అక్కడ సర్కారు బళ్లు అంత బాగుంటాయటగా’ అంటారు మా పిన్ని. ఏ వీధిలోని బడి అనేదాన్ని బట్టి పిన్నీ! టెక్సస్‌కు రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బడి ఖర్చులో పెద్ద వంతు ఆ చుట్టుపక్కల ఇళ్ల మీద వేసే పన్నులోంచి రావాలి. ఇళ్లు ఖరీదైనవైతే బడికి డబ్బుంటుంది.

ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది మా ఊరి నుంచే. 1968లో ఇక్కడి ఎడ్జ్‌వుడ్ అనే స్కూలు జిల్లా పిల్లలు, బడి పాడుబడిందని క్లాసులు వదిలి బయటికొచ్చారు. వాళ్ల తల్లిదండ్రులు వేసిన కేసులో ముందు నిలిచినవాడు డెమెట్రియో రోడ్రిగెజ్. కెల్లీ వైమానిక స్థావరంలో రేకుల పని చేసే కార్మికుడు. పక్కనే ఉన్న సంపన్న అలమో హైట్స్‌లో పిల్లాడికి ఏడాదికి 594 డాలర్లు ఖర్చవుతుంటే, ఎడ్జ్‌వుడ్‌లో 356. పన్ను రేటు మాత్రం పేదల పేటలోనే ఎక్కువ. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, చదువు రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని తేల్చేసింది. తర్వాత రాష్ట్ర కోర్టులో ఎడ్జ్‌వుడ్ గెలిచింది, 1993 నుంచి ధనిక జిల్లాల పన్నులో కొంత రాష్ట్రం తీసుకుని పంచుతోంది కూడా. సుప్రీంకోర్టు మాట మాత్రం ఇవాళ్టికీ చెల్లుతోంది.

మనవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. ఇల్లు చూడ్డానికి వెళ్తే వాస్తు కన్నా ముందు అడిగేది స్కూలు రేటింగే. ఆ తర్వాత పక్క జిల్లా బడి ఏమైతే మనకేం?

ఇక యుద్ధాలకు డబ్బు ఎలా వస్తుందో చూడండి. 2001 సెప్టెంబరు దాడులు జరిగి మూడు వారాలైనా కాకముందే అధ్యక్షుడు బుష్ జనాన్ని విమానాలెక్కమన్నాడు, కుటుంబాలతో డిస్నీ వరల్డ్‌కు వెళ్లమన్నాడు. 2003 మార్చిలో ఇరాక్ మీదికి సైన్యాన్ని పంపి, అదే ఏడాది మేలో పన్నులు తగ్గించాడు. యుద్ధం చేస్తూ పన్ను తగ్గించడమేమిటని అడిగినవాళ్లు తక్కువ. అందరూ కొంటూనే ఉన్నారు. ఇక్కడ గరాజు నిండా సామాను, కార్లేమో రోడ్డు మీద. ఇంకా మిగిలినదానికి ఊరి చివర అద్దెగది. ఇరాక్‌లో ఉన్నాయని చెప్పిన సామూహిక వినాశన ఆయుధాలు దొరకలేదు. 2001 తర్వాతి యుద్ధాల ఖర్చు, మాజీ సైనికుల రాబోయే వైద్యంతో కలిపి, సుమారు 8 లక్షల కోట్ల డాలర్లని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో లెక్కకట్టారు. అందులో అప్పటికి ఖర్చయిన సొమ్ము దాదాపు అంతా అప్పే.

నిర్బంధ సైనిక సేవ 1973తోనే పోయింది. అందుకని ఇప్పుడు సైన్యం రిక్రూటర్లు మా క్యాంటీన్‌కు వచ్చి బల్ల వేస్తారు. కీచెయిన్లు, నీళ్ల సీసాలు పంచుతారు. కాలేజీ ఫీజు మేమే కడతామంటారు, అది అబద్ధం కాదు. ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ అని 2002లో వచ్చిన చదువుల చట్టంలోనే, కేంద్రం డబ్బు తీసుకునే హైస్కూలు పిల్లల పేర్లూ ఫోన్ నంబర్లూ రిక్రూటర్లకివ్వాలన్న షరతు పెట్టారు. వద్దని తల్లిదండ్రులు రాసివ్వవచ్చు. ఆ సంగతి తెలిసిన తల్లిదండ్రులు ఏ పేటలో ఎక్కువుంటారో చెప్పనక్కర్లేదు. నా దగ్గర ఆల్జీబ్రాలో చురుకైన పిల్లలు కొందరు ఆ బల్ల దగ్గరే ఆగిపోతారు. వాళ్లను తప్పు పట్టలేను. కాలేజీకి ఇంకో దారి చూపించమంటే నా దగ్గర లేదు.

నేను అడిగేది కొత్తదేమీ కాదు. వియత్నాం యుద్ధం నడుస్తుండగా 1968లో అధ్యక్షుడు జాన్సన్ ఆదాయపు పన్ను మీద పది శాతం సర్‌చార్జి వేశాడు. యుద్ధమంటూ చేస్తే ఆ ఏడాదే, ఆ పేరుతోనే జనం దగ్గర వసూలు చేయాలి. అప్పుడు అలమో హైట్స్ డాక్టరుగారూ, మన సాఫ్ట్‌వేర్ బాబూ ఆ యుద్ధం ఎందుకని మొదటి నెలలోనే అడుగుతారు. ఓట్లు పోతాయని ఏ పార్టీవాడూ ఒప్పుకోడని మా స్టాఫ్ రూములో నవ్వుతారు. పోనీయండి. ఇప్పుడైతే ఆ యుద్ధాల అప్పు మీద వడ్డీ, ఇరాక్ యుద్ధం మొదలయ్యాక పుట్టి, నా క్లాసులో చక్రవడ్డీ నేర్చుకుంటున్న పిల్లలే కట్టాలి.