పట్టికలోని చివరి అంకె

తొలకరి జల్లులకు పైమన్ను కొట్టుకొనిపోగానే, వజ్రకరూరు చేలయందు స్థానికులేగాక పొరుగు జిల్లాలవారును పిల్లాపాపలతో వచ్చి, వంచిన నడుము నెత్తక రాళ్లను వెదకుచుందురు. నూటయేబది కిలోమీటర్లకు మించిన లోతున పుట్టి, కింబర్లైటు శిలతో పైకి వచ్చిన వజ్రము వేలాది గులకరాళ్ల నడుమ కంటి కెట్లు చిక్కును? లంబముగా పడిన కాంతిలో గాజు సుమారు 4 శాతమును వెనుకకు పంపగా, వజ్రము సుమారు 17 శాతమును పంపును. పండిన కన్ను పట్టుకొను మెరుపు ఆ భేదమే. పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకమున వక్రీభవన గుణకముల పట్టిక యొకటి కలదు; అందు చివరిది వజ్రము, 2.42. ఈ యూరి విద్యార్థి ఆ అంకెను కంఠస్థము చేయును గాని, తన అవ్వ చేలో వెదకు మెరుపునకును ఆ అంకెకును గల చుట్టరికమును అతనికి చెప్పువారు అరుదు.

కళాశాల స్థాయి భౌతికశాస్త్రమును ఉన్నత పాఠశాలలోనే నేర్పివేయవలెనను ఆత్రము నేడు తెలుగునాట అంతటను వ్యాపించియున్నది. ఆరవ తరగతినుండియే 'ఐఐటీ ఫౌండేషన్' పేర సూత్రములను, బిట్లను పిల్లల చేత వల్లె వేయించుచున్నారు. ముందున్న ఈఏపీసెట్ ఇంజనీరింగు పరీక్షలో 3 గంటలకు 160 ప్రశ్నలు, అందు భౌతికశాస్త్రమునకు 40. ప్రశ్న కొక్కింటికి 68 సెకన్లైనను దక్కవు. ఆలోచించువానికన్న ఆనవాలు పట్టువానికే అనుకూలమైన ఈ పందెమునకు పదునొకండేండ్ల పసివాని నిప్పటినుండియే తరిఫీదు చేయుట విద్య యనిపించుకొనదు. అట్లని తల్లిదండ్రులను నిందింపజాలము. వేరుసెనగ పైరు వాన కొరకు ఆకాశము వంక చూడవలసినదే. ఇంజనీరింగు సీటొక్కటే వానతో పనిలేని పంటగా ఈ మెట్టసీమ రైతునకు తోచుట సహజము.

అమెరికాలోని తెలుగు ఇండ్లలో 'ఏపీ ఫిజిక్స్' అను మాట వినబడినచో, అది మన రాష్ట్రమును గూర్చినది కాదు. ఉన్నత పాఠశాలలో నుండగనే కళాశాల స్థాయి పాఠమును చదివి, మే నెలలో పరీక్ష వ్రాయు 'అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్' పద్ధతి. అచటను కోచింగు లేకపోలేదు, మార్కుల తాపత్రయమును లేకపోలేదు. అయినను ఆ పద్ధతిలో రెండు నియమములు గమనింపదగినవి: బీజగణితముతో సాగు పాఠము వేరు, కలనగణితముతో సాగు పాఠము వేరు; బోధనాకాలములో నాల్గవ వంతు ప్రయోగములకే కేటాయింపవలెను. మనచోట ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమున భౌతికశాస్త్రపు తొలి పాఠములలోనే వేగత్వరణములు అవకలన రూపమున నెదురగును. గణితపు తరగతిలో అవకలనము పిదప గాని రాదు. ఈ ఎడమును పూడ్చుటకు బదులు, ఫౌండేషను తరగతులు దానిని పదవ తరగతికి, ఎనిమిదవ తరగతికి జరుపుచున్నవి. గణితము తోడురాని చోట సూత్రము మంత్రమగును. చేయి తాకని చోట ప్రయోగము కథయగును.

మరి ఉన్నత పాఠశాలలో పైస్థాయి భౌతికశాస్త్రము అసాధ్యమా? కానేకాదు. పదవ తరగతి త్రికోణమితి 30, 45, 60 డిగ్రీల వంటి కొలది కోణములనే నేర్పును. వజ్రపు సందిగ్ధ కోణము ఆ పట్టికలో నుండదు. అయినను కర్ణము 24.2 సెంటీమీటర్లు, ఒక భుజము 10 సెంటీమీటర్లు నుండునట్లు లంబకోణ త్రిభుజమును గీసి, ఆ భుజమున కెదుటనున్న కోణమును కోణమానినితో కొలిచినచో, ఇరువది నాలుగు డిగ్రీలకు కొంచెము పైన తేలును. ఆ కోణమును మించి లోపలి ముఖమును తాకిన కాంతి బయటికి పోజాలక సంపూర్ణముగా వెనుకకు మరలును. సానపట్టిన రాయి కంతటి తళుకు వచ్చుట కిదియొక హేతువు. కళాశాల పాఠము స్కేలుతో, పెన్సిలుతో పల్లెబడిలో అందినదన్నమాట. అట్లే, పైనుండి పీల్చు పంపు సిద్ధాంతరీత్యా సైతము నీటిని 10.3 మీటర్లకు మించి ఎత్తజాలదు గనుకనే, వందల అడుగుల బోరులో మోటారును నీటిలోనికే దింపుదురు. రైతునకు అనుభవముచే తెలిసిన ఈ సంగతికి వాతావరణ పీడనము కారణమని గ్రహించిన బిడ్డ, ఆ ప్రకరణమును తిరిగి వల్లె వేయ నక్కర యుండదు.

కావున ముందుగా నేర్చుటలో దోషము లేదు. ముందుగా వల్లించుటలోనే దోషము. గణితమును అడుగడుగున వెంట నడిపింపుడు. వారమున కొక్క పూటయైనను పిల్లల చేతికి పనిముట్టు నిండు. వజ్రకరూరు ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటే: పట్టికలోని చివరి వరుస చదివించిన నాడు పుస్తకమును మూసి, పిల్లలను చేని గట్టునకు తీసికొనిపొండు.