వెదురుకు వంశచరిత్ర కావలెను

సంస్కృతములో వంశ శబ్దమునకు వెదురు అనియు, కులపరంపర అనియు రెండర్థములు కలవు. కణుపు మీద కణుపుగా పెరుగు వెదురును చూచినవారికి తరము మీద తరముగా సాగు కుటుంబము స్ఫురించుట సహజమే. అయితే వంశమనే పేరు గల మొక్కకే నేడు వంశచరిత్ర లేకపోయినది. పొలమున నాటుచున్న వెదురు ఏ తల్లిపొద నుండి వచ్చినదో, ఆ తల్లిపొద ఏ సంవత్సరమున విత్తనము నుండి మొలచినదో చెప్పగలవారు అరుదు. వెదురు పెంచువారును, వెదురుపై మక్కువ గలవారును ఒక సీమలో ఒకచోట చేరి సభ జరుపుకొనుట ఎందులకని ఎవరైన ప్రశ్నించినచో, మొదటి సమాధానము ఇదే.

వెదురు గడ్డిజాతి మొక్క. వరి, జొన్న, చెరకు దానికి జ్ఞాతులు. వానలకు నేల చీల్చుకొని వచ్చిన పిలక కొద్ది నెలలలోనే తన పూర్తి యెత్తు అందుకొనును. ఆపైన లావెక్కదు, గట్టిపడును మాత్రమే. మూడేండ్లు నిండిన గడ పనికి వచ్చును. లేతగడలను నరికివేసినచో పొద క్షీణించును. ఈ సంగతులన్నియు ఏ రైతైనను నాలుగైదేండ్లలో తన కంటితో చూచి నేర్చుకొనగలడు. కాని వెదురు పూత సంగతి వేరు. తెలుగునాట విరివిగా కనిపించు ముళ్ళవెదురు, సాధనపు వెదురు అనే రెండు జాతులును సుమారు 30 మొదలు 50 ఏండ్ల కొకసారి మూకుమ్మడిగా పూచి, గింజ రాల్చి, ఎండిపోవును. సాధనపు వెదురు అక్కడక్కడ విడిగా పూయుటయు కలదు. ఒకే విత్తనపు తరమునకు చెందిన పొదలు వేర్వేరు చోట్ల నున్నను ఇంచుమించు ఒకే కాలమున పూచును. తల్లిపొద నుండి కణుపు కోసి వేరొక జిల్లాలో నాటినను, ఆ పిల్లమొక్క తల్లి వయస్సునే లెక్కించుకొనును గాని, తాను నాటబడిన దినమును లెక్కించుకొనదు.

దీని పర్యవసానమును రైతు గ్రహింపవలెను. అప్పు తెచ్చి, కంచె కట్టి, నలువదేండ్లు గడలు కోసికొందునని నాటిన తోట, తల్లిపొద వయస్సు ముదిరినదైనచో ఐదారేండ్లకే పూచి ఎండిపోవచ్చును. నారు అమ్మినవాడు మోసము చేయలేదు, అతనికిని తెలియదు. మనుష్యుడు తన జీవితములో ఒక వెదురుజాతి పూతను ఒకసారి, మహా అయితే రెండుసార్లు చూడగలడు. అట్టి జ్ఞానము ఒక వ్యక్తి వలన నిలువదు. తాత చూచినదానిని మనుమడు వినవలెను. ఒక ఊరు చూచినదానిని పది ఊళ్ళు వ్రాసికొనవలెను. వరి పండించువానికి సభ లేకున్నను గడచును. వెదురు పెంచువానికి గడవదు.

ఈ జ్ఞాపకమునకు గల విలువను ఈశాన్యమున మిజో కొండల చరిత్ర చాటుచున్నది. అక్కడి వెదురు సుమారు 48 ఏండ్ల కొకసారి పూచును. పూత వెంట గింజ, గింజ వెంట ఎలుకలు, ఎలుకల వెంట కరవు వచ్చును. 1911 నాటి కరవును ఎరిగిన పెద్దల మాటపై మిజో జిల్లా మండలి 1958లోనే ముందుగా సహాయము కోరినది. నాటి అస్సాం ప్రభుత్వము ఆ మాటను లెక్కచేయలేదు. 1959లో వెదురు పూచినది. కరవు రానే వచ్చినది. ఆ వేదన నుండి పుట్టిన అశాంతి రెండు దశాబ్దములు ఆ కొండలను వీడలేదు. తిరిగి 2007 ప్రాంతమున పూత వచ్చునని తెలిసియుండుటచే ఈసారి ప్రభుత్వము ముందుగానే ఎలుకల నిర్మూలనకును, ఆహార ధాన్యములకును పథకములు వేసికొన్నది. తెలుగునాట వెదురుపూత అంతటి ఉపద్రవము తేకపోవచ్చును. కాని వ్రాతలో నిలిచిన జ్ఞాపకము ఏమి చేయగలదో తెలిసికొనుటకు ఈ ఉదాహరణము చాలును.

ఇట్టి సభకు నెల్లూరు జిల్లా పశ్చిమభాగము తగిన చోటు. అనంతసాగరం మండలములోని సోమశిల వద్ద పెన్నకు కట్టిన జలాశయము 78 టి.ఎం.సి.ల నీటిని నిలుపగలది. అయినను ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో కాలువ అందని మెట్టపొలములు నేటికిని కలవు. లోన బోలు తక్కువగా నుండు సాధనపు వెదురు ఎండను ఓర్చుకొని, తక్కువ వానకు కూడ బ్రతుకును. గట్లపై, వాగుల ఒడ్డున అది మట్టిని పట్టి నిలుపును. అయితే పొరుగు ప్రకాశం జిల్లాలో సుబాబులు వేసిన రైతులు, కాగితపు మిల్లులు చెప్పిన ధరకే కఱ్ఱ అమ్ముకొనవలసి వచ్చి పడిన బాధ మరువరానిది. ఒకే కొనుగోలుదారుని నమ్ముకొన్న పంట రైతుకు స్వాతంత్ర్యము నీయదు. వెదురుకు ఆ గతి పట్టకుండవలెనన్న, ఊరిలోనే దానిని కొనగలవాడు బ్రతికియుండవలెను. ఆ కొనగలవాడు మేదరి.

చట్టము వెదురుపై కొంత కరుణ చూపినది. 1927 నాటి భారత అటవీ చట్టము గడ్డిని పట్టుకొని చెట్టన్నది. 2017లో ఆ నిర్వచనము నుండి వెదురును తొలగించుటతో పొలమున పెంచిన వెదురుకు స్వేచ్ఛ లభించినది. అడవి వెదురును 2006 నాటి అటవీ హక్కుల చట్టము చిన్నతరహా అటవీఫలసాయముగా గుర్తించినది. దానిననుసరించి 2011లో మహారాష్ట్రలోని మెంఢా లేఖా గ్రామసభ తన అడవిలోని వెదురును తానే అమ్ముకొను అధికారము సాధించినది. పొలము గలవానికి ఒక చట్టము, అడవిలో నున్నవానికి ఒక చట్టము వచ్చినవి. పొలమును లేక, అడవి హక్కుపత్రమును లేక, ఊరి చివర కత్తి పట్టుకొని కూర్చున్న మేదరికి ఏది వచ్చినది?

చేట, జల్లెడ, గంప, తట్ట, తడిక, నిచ్చెన: రైతు ఇంటిలో ధాన్యము చేరువరకు మేదరి చేయి తగులని పని ఒకప్పుడు లేకుండెను. ఏ గడ ముదిరినదో తట్టి చూచి చెప్పును. ఏ కాలమున నరికిన గడకు పురుగు తక్కువగా పట్టునో అతనికి తెలియును. బసవేశ్వరుని కాలమున బుట్టలల్లి జీవించిన మేదర కేతయ్యను శరణులలో ఒకనిగా లోకము గౌరవించినది. నేడు ప్లాస్టిక్ చేట వచ్చి అతని చేటను మూలకు నెట్టినది. అయినను చేతిపనికి కాలము చెల్లినదనుట తగదు. ఉదయగిరి కొయ్య గరిటెలు, చెంచాలు భౌగోళిక గుర్తింపు పొంది నేటికిని దూరప్రాంతముల కొనుగోలుదారులను ఆకర్షించుచున్నవి. గరిటెకు దొరకిన గౌరవము గంపకు దొరకరాదా?

సభలనగా పూలదండలు, ఉపన్యాసములు, నారు అమ్మకపు అంగళ్ళు మాత్రమే అని పెదవి విరుచువారు కలరు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. 2004లో ఢిల్లీలో ప్రపంచ వెదురు మహాసభ జరిగినది. 2009లో బ్యాంకాకు మహాసభ సెప్టెంబరు 18వ తేదీని ప్రపంచ వెదురు దినముగా ప్రకటించినది. వాని వలన ఉదయగిరి మేదరికి ఒక గడ చౌకగా దొరకినదని చెప్పలేము. కాని సభ వ్యర్థమైనచో సభను సంస్కరింపవలెను గాని, చేరుటనే మానరాదు. రెండు పనులు చేయు సభ వ్యర్థము కానేరదు. మొదటిది: ప్రతి తోటకును తల్లిపొద పేరు, ఊరు, తెలిసినంతవరకు దాని వయస్సు వ్రాసిన పుస్తకము. రెండవది: వేదికపై రైతు ప్రక్కన మేదరికి సమానమైన పీట, ఏటేట ఇన్ని గడలు ఈ ధరకు ఇచ్చెదనని రైతు చేయు ఒప్పందము.

ఆ పుస్తకమును పదిలపరచుటకు పాఠశాల కంటె తగినది లేదు. అధికారులు బదిలీపై పోవుదురు. సంఘములు పుట్టి గిట్టును. పల్లెలో పాఠశాల మాత్రము నిలిచియుండును. ఉపాధ్యాయులు ఏడాది కొకసారి విద్యార్థులను వెదురుపొదల వద్దకు తీసికొనిపోయి, ఏ పొద పూచినది, ఏది పూయలేదు అను రెండు ముక్కలు వ్రాయించిన చాలును. పదునాలుగేండ్ల బాలుడు నేడు వ్రాసిన ఆ రెండు ముక్కలు, అతనికి ఏబది నాలుగేండ్లు వచ్చునాటికి ఒక మండలములోని రైతులందరి పెట్టుబడిని కాపాడగలవు.