దుప్పట్లు చాలు, నిధి కావాలి



ఇలాంటి సంచికల్లో మాలాంటి పాత విద్యార్థులు రాసేవి అందరికీ తెలిసినవే. క్రమశిక్షణ, సమయపాలన, తల్లిదండ్రుల కష్టం, లక్ష్యం. అవన్నీ అవసరమే, కానీ ఈసారి మేము డబ్బు గురించి రాయదలచుకున్నాం. హాస్టల్లో పెరిగిన పిల్లలకు డబ్బు మాట ఎత్తడమంటే నామోషీ. ఉన్నవాళ్లు అడగరు, లేనివాళ్లు అడగలేరు. ఎవరో ఒకరు రాయాలి కాబట్టి రాస్తున్నాం.

పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడల్లా దుప్పట్లు వస్తాయి. స్టీలు కంచాలు, గ్లాసులు, ఫ్యాన్లు వస్తాయి. ఆ పూట కోడికూర, పాయసం ఉంటాయి. మేమూ ఆ దుప్పట్లు కప్పుకున్నవాళ్లమే, ఆ పాయసం రెండోసారి వడ్డించుకున్నవాళ్లమే. ఇచ్చిన చేతులను తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. మా ప్రశ్న ఒక్కటే. ఆ దుప్పటి కప్పుకున్న పిల్ల పదో తరగతి తర్వాత ఎటు పోయిందో మనలో ఎంతమందికి తెలుసు? ఇంటర్ దాకా వెళ్లిందా, డిగ్రీ పూర్తయిందా, లేక మధ్యలోనే పత్తి తీతకు పోయిందా? ఫ్యాన్ల లెక్క అయితే స్టాకు రిజిస్టరులో ఉంటుంది. పిల్లల లెక్క మన దగ్గర లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం తప్పు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లోనే మొదలైంది. మన రాష్ట్రంలో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. మా ఇళ్లలో మొదటి డిగ్రీ పట్టాలు వాటి పుణ్యమే. అయితే ఆ డబ్బు మన చేతిలో ఉండేది కాదు. 2020 డిసెంబరులో 77వ నంబరు జీవో వచ్చింది, ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. ఎక్కడో సంతకం పడితే ఇక్కడ మన ట్రంకుపెట్టె ఇంటికి చేరుతుంది. పథకం బాగా నడుస్తున్న రోజుల్లో కూడా దానికి అందని ఖర్చులు ఉంటాయి. ప్రవేశ పరీక్షల దరఖాస్తు ఫీజు, పరీక్షా కేంద్రానికి బస్సు చార్జీ, తోడు వచ్చే నాన్న పోగొట్టుకునే కూలి, సర్టిఫికెట్ల జిరాక్సులు, సీటు రాగానే కట్టాల్సిన డిపాజిట్, స్కాలర్‌షిప్ పడేదాకా మెస్ బిల్లు. విడివిడిగా చూస్తే అన్నీ చిన్నవే. రెండు వేలు, మూడు వేలు, అయిదు వేలు.

అవి వచ్చిపడే నెల కూడా చూడండి. పత్తి తీత దసరా దాటాక మొదలై సంక్రాంతి దాకా ఉంటుంది. మిరపకోతలు ఆ వెనకే అందుకుని ఎండాకాలంలోకి వస్తాయి. మన అమ్మల చేతుల్లో నాలుగు రూపాయలు ఆడేది అప్పుడే. కల్లాలు ఖాళీ అయ్యాక జూన్, జూలైల్లో పొలం పని ఉండదు, చేతిలో డబ్బూ ఉండదు. కౌన్సెలింగులు, అడ్మిషన్లు అన్నీ ఆ రెండు నెలల్లోనే. రాళ్ల ఫ్యాక్టరీల్లో పనిచేసే నాన్నలున్న ఇళ్లు కాస్త నయం, అదీ ఒంట్లో బాగున్నంతకాలమే. అందుకే ఇంట్లో పేదరికం ఏడాది పొడుగునా ఉన్నా, చదువు తెగిపోయేది మాత్రం ఎక్కువగా ఆషాఢంలోనే.

మాతో చదివిన ఒకమ్మాయి విషయం చెబుతాం, పేరు వద్దు. మార్కుల్లో మా అందరికన్నా ముందు. డిగ్రీ అయ్యాక పీజీకి ర్యాంకు తెచ్చుకుంది. తను చదివిన కాలేజీ మాత్రం ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదని చెప్పి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వలేదు. సొంతంగా కట్టి తీసుకెళ్లు, డబ్బు వచ్చాక వెనక్కి ఇస్తామన్నారు. ఇంట్లో అప్పు పుట్టలేదు. మాకు తెలిసేసరికి కౌన్సెలింగు తేదీ దాటిపోయింది. తెలిసినా ఏం చేసేవాళ్లం? తలా మూడు వందలు వేసుకునేవాళ్లం, అంతకుమించి మా దగ్గరా లేదు. ఆ ఏడాదే ఆమెకు పెళ్లయింది. అప్పటికప్పుడు చందా పోగుచేయడం వేరు, ముందే ఒక నిధి సిద్ధంగా ఉండటం వేరు అని మాకు తెలిసివచ్చింది అక్కడే.

ఈ ఆలోచనలో ఉండగా అమెరికా నల్లజాతి విద్యార్థినుల సంఘాల గురించి చదివాం. అక్కడి కాలేజీల్లో వాటిని సొరోరిటీలు అంటారు, అక్కచెల్లెళ్ల సంఘాలన్నమాట. గ్రీకు అక్షరాలతో పేర్లు పెట్టుకుంటారు. బానిసత్వం రద్దయింది 1865లో. వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీ పుట్టింది 1867లో. అదే యూనివర్సిటీలో 1908 జనవరి 15న కొందరు విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే సంఘం పెట్టుకున్నారు. నల్లజాతి కాలేజీ అమ్మాయిల సంఘాల్లో అదే మొదటిది. 1913లో అక్కడే ఇరవై ఇద్దరు కలిసి డెల్టా సిగ్మా తీటా పెట్టారు, పెట్టిన కొద్ది వారాలకే మార్చి 3న వాషింగ్టన్ వీధుల్లో స్త్రీల ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు. 1922లో ఇండియానాపొలిస్‌లో ఏడుగురు టీచర్లు సిగ్మా గామా రో మొదలుపెట్టారు. తాతలు బానిసలుగా బతికిన ఇళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలు వాళ్లు. మనకు వాళ్లు అంత దూరంవాళ్లుగా అనిపించలేదు.

మమ్మల్ని పట్టుకున్న సంగతి ఏమిటంటే, కాలేజీ వదిలినా వాళ్లు సంఘాన్ని వదలరు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి శాఖలో చేరి చందా కడుతూనే ఉంటారు. ఆల్ఫా కప్పా ఆల్ఫా వాళ్లు 1980లో చదువుల కోసమే వేరుగా ఒక ఫౌండేషన్ పెట్టారు. మార్కులను బట్టి కొన్ని, అవసరాన్ని బట్టి కొన్ని స్కాలర్‌షిప్పులు ఇస్తారు. ఊరి శాఖలు తమ పేరునో, గతించిన ఒక పెద్దామె పేరునో అందులో శాశ్వత నిధులు పెట్టుకోవచ్చు. అసలు కదలదు, దానిమీద వచ్చే రాబడితో ఏటా పిల్లలు చదువుకుంటారు. చిన్న మొత్తాల విలువ వాళ్లకు ఎంత బాగా తెలుసో 2020లో లోకం చూసింది. ఆ సంఘం సభ్యురాలైన కమలా హారిస్ ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు చాలామంది సోదరీమణులు ఎవరికివారు సరిగ్గా 19 డాలర్ల 8 సెంట్లు చందా పంపారు. 1908 అన్న గుర్తు అది. రాజకీయం పక్కన పెట్టండి. అందరూ ఒకే చిన్న మొత్తం ఇస్తే పెద్దది ఇచ్చినవాడి పెత్తనం, చిన్నది ఇచ్చినవాడి చిన్నతనం రెండూ ఉండవు. మన సభల్లో మైకులో ఎవరెంత ఇచ్చారో చదవడం విన్నవాళ్లకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు.

వాళ్ల దాంట్లో లోపం లేదని కాదు. సంఘం పిలిచినవాళ్లే చేరాలి, కాలేజీ గడప తొక్కినవాళ్లకే పిలుపు. మనకా ఇబ్బంది లేదు. ట్రంకుపెట్టెతో ఈ గేటు దాటిన రోజే మనం సభ్యులం.

అది అమెరికా, అక్కడ డబ్బుంది అంటారేమో. మన దగ్గర దుర్గాబాయి సంగతి చూడండి. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. దేవదాసీలనూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలనూ గాంధీగారితో కలపాలని ఆమె పట్టుదల. అయిదు వేల రూపాయలు తెస్తే సమయం ఇప్పిస్తామన్నారు పెద్దలు. ఆ రోజుల్లో అయిదు వేలు! ఆ సొమ్ము పోగుచేసింది ఆ దేవదాసీ స్త్రీలే. ఊరు చిన్నచూపు చూసిన ఆడవాళ్లు తమ డబ్బుతో తమ సభ తాము పెట్టించుకున్నారు. అదే దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడపిల్లలను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివించింది. ఆమే చిన్నప్పుడు బడి మానేసి, జైలుకు వెళ్లొచ్చి, ఆ తర్వాత మెట్రిక్ కట్టిన మనిషి. 1942లో లా పట్టా, 1946లో రాజ్యాంగ సభ. ఆమె పుట్టిన ఇల్లూ మన ఇళ్లూ ఒకటి కావని మాకూ తెలుసు. ఆగిన చదువును మళ్లీ అందుకోవడానికి ఒక సంఘం, దాని వెనక డబ్బు ఉండాలన్న సంగతి మాత్రం ఎవరింట పుట్టినా ఒకటే. మన పక్కనే గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు 1922లో ఆడపిల్లల కోసం నడిపిన శారదా నికేతనం కూడా ఇచ్చేవాళ్ల చేతుల మీదే నిలబడింది.

ఇంకా దగ్గరికి వస్తే మన ఒంగోలే ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో మన తాతముత్తాతలకు మిషన్ బడులు తలుపులు తెరిచాయి. వాటి వెనక అమెరికాలోని బాప్టిస్టు స్త్రీల సంఘాలు ఉన్నాయి, 1871లో పుట్టాయి. ఆ కాలపు స్త్రీల మిషన్ సంఘాల పద్ధతి వారానికి రెండేసి సెంట్లు. మన పల్లెల్లో మందిరానికి వెళ్లే అమ్మమ్మల పద్ధతి గుప్పెడు బియ్యం. ఎసట్లో పోసేముందు ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేసేవాళ్లు. ఏ మతమైనా కానివ్వండి, ఏ గుడికైనా కానివ్వండి, ఆ లెక్క మనకు కొత్తది కాదు. కూలి చేసుకునే ఆడవాళ్లు చేయగలిగింది, నెల జీతం తీసుకునే మన టీచర్లు, కానిస్టేబుళ్లు, నర్సులు, బ్యాంకు గుమాస్తాలు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ అన్నలు చేయలేరా?

లెక్క వేసి చూశాం. రెండు వందలమంది నెలకు వందేసి రూపాయలు ఇస్తే ఏడాదికి 2 లక్షల 40 వేలు. నాలుగేళ్లు దాటేసరికి పది లక్షలు. ఏడు శాతం వడ్డీ వచ్చిందనుకున్నా అసలు ముట్టకుండా ఏటా 70 వేలు. అయిదేసి వేల చొప్పున పద్నాలుగు మందికి జూన్‌లో చేతిలో పెట్టొచ్చు. సగంమందే ఇచ్చినా ఏడుగురు. ఆ ఏడుగురిలో మా స్నేహితురాలు ఉండేది. సంఘం రిజిస్టరు చేయడం బ్రహ్మవిద్యేమీ కాదు, 2001 నాటి మన సొసైటీల చట్టానికి కావాల్సింది కనీసం ఏడుగురు మనుషులు. ఇండియానాపొలిస్ టీచర్లు కూడా ఏడుగురేనని చదివి మాలో మేము నవ్వుకున్నాం.

ఇది ప్రభుత్వం పని, మనం ఎత్తుకుంటే వాళ్లు దించుకుంటారు అని ఒక అన్న అన్నారు. సగం నిజం. అందుకే మన నిధి ప్రభుత్వం ఇవ్వాల్సిన ఫీజు కట్టకూడదు. అది ఆలస్యమైనప్పుడు సర్దాలి, దానికి అందని ఖర్చు భరించాలి. స్కాలర్‌షిప్ ఆగితే కలెక్టరాఫీసు ముందు కూర్చోవడానికి మనం ఎప్పుడూ సిద్ధమే, కానీ ఆ పిల్ల సర్టిఫికెట్ ధర్నా ముగిసేదాకా ఆగదు. పదవిలో ఉండగానే కాదు, రిటైరయ్యాక కూడా తన పెన్షన్ డబ్బుతో పేద పిల్లలను చదివించిన ఎస్.ఆర్. శంకరన్ గారు మన సాంఘిక సంక్షేమ శాఖ నడిపిన అధికారే. ప్రభుత్వ బాధ్యత ఎంతో ఆయనకు తెలియకనా?

గ్రానైట్ యజమానులను అడుగుదాం, వాళ్లకు లక్ష లెక్కా అని ఇంకొందరు అన్నారు. అడగొచ్చు. రామతీర్థం కొండల గెలాక్సీ రాయి దేశదేశాల్లో నేలలకు పరుస్తున్నారు, ఆ రాయి కోసే దుమ్ము మన నాన్నలు పీలుస్తున్నారు. అడిగే హక్కు మనకుంది. ఒక్కటే షరతు. వాళ్ల డబ్బు అసలులో కలవాలి, ఎవరికివ్వాలో వాళ్లు చెప్పకూడదు. చెక్కు పట్టుకుని పిల్లను పక్కన నిలబెట్టే ఫొటో అసలే వద్దు. తీసుకున్న పిల్ల పేరు ముగ్గురికి మించి తెలియకూడదు. జమాఖర్చులు మాత్రం పైసాతో సహా నోటీసుబోర్డు మీద ఉండాలి. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలని మా పట్టు, ఎందుకంటే కొన్ని అవసరాలు చెల్లెళ్లు అన్నలకు చెప్పరు.

తేలనిది ఒకటుంది. ఇచ్చిన డబ్బు తిరిగి కట్టించాలా, వద్దా? కట్టిస్తే నిధి పెరుగుతుంది, బాధ్యత తెలుస్తుంది అని పెద్దవాళ్లు అంటున్నారు. బరోడా మహారాజు 1913లో అంబేద్కర్‌ను కొలంబియాకు పంపినప్పుడు నెలకు పదకొండున్నర పౌండ్లు ఊరికే ఇవ్వలేదు, తిరిగొచ్చి సంస్థానంలో కొలువు చేయాలని రాయించుకున్నారు. ఆయన వచ్చి చేరారు కూడా. కానీ ఉండటానికి అద్దె గది కూడా దొరకనివ్వలేదు ఆ ఊరు. బాండు రాసిచ్చి వచ్చినవాడికి నీడ చూపించలేకపోయారు. మాకైతే అప్పు పత్రం వద్దనిపిస్తుంది. ఇంట్లో ఇప్పటికే ఉన్న అప్పులు చాలు. ఉద్యోగం వచ్చాక నెలకు వంద ఇచ్చే జాబితాలో ఎలాగూ తన పేరు రాసుకుంటుంది. రాసుకోకపోతే? అప్పుడూ అడగకూడదనే మా అభిప్రాయం. మాలోనే ఇద్దరు దీనికి ఒప్పుకోలేదు.

వార్షికోత్సవం రోజు భోజనాలయ్యాక డైనింగ్ హాల్లో కూర్చుందాం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదువుతున్న పిల్లలు కూడా ఉండాలి, ఎందుకంటే అయిదు వేలు ఏ నెలలో, దేనికి కావాలో మనకన్నా వాళ్ల ఇళ్లకే బాగా తెలుసు. ఒక తెల్ల రిజిస్టరు కొని ఉంచాం. మొదటి పేజీలో పేరు, ఏ సంవత్సరం బ్యాచ్, ఫోన్ నంబరు అని మూడు గళ్లు గీశాం. ఎంత ఇస్తారు అనే గడి గీయలేదు. అందరిదీ వందే.