వ్రాయడమా, అప్పజెప్పడమా?

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ రోజు బడుల్లో వ్యాసరచన పోటీలు పెడతారు. బహుమతి వచ్చిన వ్యాసాలు ఓ నాలుగు తీసుకుని, పేర్లు మూసి చదవండి. ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. రాయలవారి ప్రస్తావనతో ఆరంభం, అమ్మభాషను కాపాడుకుందామన్న పిలుపుతో ముగింపు, నడుమ గైడులోని పేరాలు. పంతులుగారి పుట్టినరోజున ఆయనకు మనం ఇస్తున్న కానుక ఇదీ!

గ్రాంథిక, వ్యావహారిక వాదాల గురించి ఎవరిని అడిగినా 'వచ్చుచున్నాడు', 'వస్తున్నాడు'ల తగవుగానే చెబుతారు. అసలు ఆ తగవు రాజుకున్న చోట్లలో ముఖ్యమైనది విద్యార్థి పరీక్ష కాగితం. తెలుగు కాంపోజిషన్ ఎలాంటి భాషలో ఉండాలన్నదే మద్రాసు విశ్వవిద్యాలయం ముందున్న ప్రశ్న. అందుకై ఏర్పడిన ఉపసంఘం నివేదికతో విభేదించి గురజాడ అప్పారావుగారు 1914లో అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. గిడుగువారు 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి పోరు సాగించారు. చివరికి వాడుకభాష గెలిచింది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు అందులోకి వచ్చాయి. మరి కాంపోజిషన్ సంగతి? తనకు తోచినది తన మాటల్లో చెప్పే స్వేచ్ఛ విద్యార్థికి వచ్చింది. చెప్పే పని మాత్రం మనం అతనికి అప్పగించనే లేదు. నూరేళ్ల క్రితం గ్రాంథికంలో వల్లించేవాడు, ఇప్పుడు వాడుకలో వల్లిస్తున్నాడు.

పర్యవసానం చూడాలంటే పెనుగొలను వంటి ఊళ్లో కొన్నాళ్లుంటే చాలు. ఇంట్లో ఇంజనీరింగు చదివిన కొడుకు ఉంటాడు. పొలం హద్దుల పేచీ మీద తహశీల్దారుకు అర్జీ పెట్టాలంటే తండ్రి మాత్రం ఆఫీసు బయట అర్జీలు వ్రాసే మనిషి దగ్గరకే వెళతాడు. కొడుకుని అడిగితే 'ఫార్మాట్ తెలియదు' అంటాడు. పదహారేళ్లు చదివినవాడికి లోపించింది ఫార్మాటా? ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, మనం కోరేదేమిటి అన్న మూడు సంగతులను వరుసగా పేర్చడం ఎవరూ నేర్పలేదు. రికార్డు చూసి వ్రాశాడు, ప్రాజెక్టు రిపోర్టు సీనియర్ దగ్గర తీసుకుని పేరు మార్చాడు. పైన పరిశోధన స్థాయిలోనూ ఇదే వరస. యు.జి.సి. 2018లో గ్రంథచౌర్యంపై నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం దాటితే దండన ఉంది. మంచిదే. బడిలో చూచివ్రాతకు నూటికి నూరు వేసి, పిహెచ్.డి.లో అదే పనికి శిక్ష వేస్తామనడమే విడ్డూరం.

ఇంగ్లీషు మాధ్యమం వస్తే ఇదంతా చక్కబడుతుందనేవారున్నారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఉత్తర్వులిచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఇరుపక్షాలూ హోరాహోరీగా వాదించుకున్నాయి. పిల్లవాడు ఏ భాషలోనైనా సొంతంగా ఒక పేజీ వ్రాయగలడా అని అడిగినవారు అరుదు. మాధ్యమం మారినా గైడు గైడే. ఇప్పుడా గైడు కృత్రిమ మేధ రూపంలో ఫోనులోకి వచ్చి కూర్చుంది, అంతే తేడా.

మార్గం లేదా? ఉంది, ఖర్చు కూడా లేదు. ఒక ఉదాహరణ చెబుతాను. ఇక్కడ సెలవుల్లో నా దగ్గర చదువుకున్న పదో తరగతి పిల్లవాణ్ణి నీటి గురించి వ్రాయమన్నాను. 'జలము ప్రాణాధారము, జలసంరక్షణ మనందరి కర్తవ్యము' అని తెచ్చాడు. నీకు తెలిసిన నీళ్ల గురించి వ్రాయమని తిప్పి పంపాను. రెండోసారి సాగర్ ఎడమ కాలువ చరిత్ర తెచ్చాడు. మళ్లీ పంపాను. మూడోసారి వ్రాసింది ఇది: 'మా పొలం కాలువ చివర ఉంది. నీళ్లు వదిలిన తొమ్మిదో రోజుకు మా మడికి వచ్చాయి. అప్పటికి నారు ముదిరింది.'

ఎదుగుదల అంటే ఇదే. ఈ మూడు వాక్యాలకు ఒక విన్నపం చేర్చితే నీటిపారుదల అధికారికి అర్జీ అవుతుంది. పక్క పొలాల లెక్కలు చేర్చితే పరిశోధన పత్రం అవుతుంది. ఏమీ చేర్చకపోయినా మంచి వ్యాసమే. విద్యావ్రాత, ఉద్యోగవ్రాత అని మనం విడదీసుకున్న రెంటికీ పునాది ఒకటే: చూసినది ఉన్నదున్నట్లు చెప్పడం, సరిగా రాకపోతే మళ్లీ వ్రాయడం.

అరవై మంది ఉన్న తరగతిలో ఇలా ఎవరు దిద్దుతారని ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందరివీ వారం వారం దిద్దనక్కర లేదు. వారానికి పదిమందివి తీసుకున్నా, నెలన్నర తిరిగేసరికి ప్రతివాడి కాగితం ఒకసారి దిద్దినట్లే. ఇప్పుడు జరుగుతున్నది సున్నా. పరీక్షలో ఒక్క ప్రశ్న, ఏ గైడులోనూ జవాబు దొరకనిది, మీ వీధి గురించో మీ ఇంటి పని గురించో అడగండి. మార్కులుంటే బడి దానంతటదే దారికి వస్తుంది.

వచ్చే ఆగస్టు 29న దండలూ ఉపన్యాసాలూ మానకపోయినా ఫర్వాలేదు. ఆ వ్యాసరచన పోటీకి మాత్రం విషయం ముందుగా చెప్పకండి. పిల్లలు మొదట తెల్లమొహం వేస్తారు. వేయనివ్వండి. గంట గడిచాక నాలుగు తప్పుల తడకల వాక్యాలు వస్తాయి. అవి వాళ్ల సొంతం. దిద్దడానికి మనకు అప్పుడైనా ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.