గాలి చేరిన బ్రేకు

పిల్లలూ!

పరుగెత్తే కారును ఆపేది ఏది అని అడిగితే, మీరంతా ఒక్క గొంతుతో “బ్రేకు!” అంటారు. సరే. కాని డ్రైవరు కాలు ముందు ఉన్నది, చక్రాలు నాలుగు మూలలా ఉన్నవి. ఆ కాలి బలం ఈ చక్రాలకు ఎట్లా చేరుతున్నది? ఏళ్ళ తరబడి క్లాసులో ఈ పాఠం చెప్పిన నేనే, పోయిన వేసవిలో దాన్ని నిర్లక్ష్యం చేసి ప్రమాదం కొని తెచ్చుకోబోయాను. ఆ సంగతి చెబుతాను, వినండి.

మాది కూచిపూడి. మా ఇంట్లో ఒక పాత అంబాసిడరు కారు ఉన్నది. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది గాని, మాది ఇంకా తిరుగుతూనే ఉన్నది. నాలుగైదు రోజులుగా దాని బ్రేకు పెడలు కాలికి మెత్తగా తగులుతున్నది. ఒకసారి తొక్కితే లోపలికి దిగిపోయేది. వెంటనే మళ్ళీ తొక్కితే పట్టేది. “పట్టింది గదా!” అనుకుని ఊరుకున్నాను.

ఒకనాటి సాయంత్రం మనవడినీ మనవరాలినీ ఎక్కించుకుని పామర్రు నుంచి ఇంటికి వస్తున్నాను. మా డెల్టా దోవలు మీకు తెలుసు గదా: ఒక పక్క చేలు, ఇంకొక పక్క కాలువ. ఉన్నట్టుండి ఒక గేదె రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. దూదిపరుపు తొక్కినట్టు పెడలు అడుగుకంటా దిగిపోయింది! గబగబా రెండు మూడుసార్లు తొక్కి, గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగాను. గేదెకు రెండు బారల దూరంలో కారు ఆగింది. వెనక సీటులో పిల్లలిద్దరూ గేదెను చూచి నవ్వుతున్నారు, వాళ్ళకేమీ తెలియదు. నా చేతులు మాత్రం వణికాయి.

కారును అక్కడే పక్కకు నెట్టించి, పిల్లలతో ఆటోలో ఇల్లు చేరాను. మర్నాడు దాన్ని ఇంకొక బండి మీద ఎక్కించి తెచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం పనిచేసి ఊరు చేరిన మేస్త్రీ వచ్చి, పెడలు ఒకసారి తొక్కి చూచి, “ఎయిర్ పట్టిందండీ, మాస్టారూ,” అన్నాడు.

బ్రేకులో గాలి ఏమిటంటారా? పెడలు తొక్కినప్పుడు అది మాస్టర్ సిలిండరులోని ముషలకాన్ని తోస్తుంది. అక్కడి నుంచి నాలుగు చక్రాలకూ సన్నని గొట్టాలు పోతవి. వాటి నిండా బ్రేకు ఆయిలు అనే ద్రవం ఉంటుంది. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే, ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుంది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ (1623–1662) చెప్పిన సూత్రం ఇదే. 1 చదరపు సెంటీమీటరు ముషలకాన్ని 10 కిలోల బలంతో నొక్కితే, అవతల 3 చదరపు సెంటీమీటర్ల ముషలకం మీద 30 కిలోల బలం పడుతుంది. కాని అది జరిగే దూరం మూడో వంతే. 1921లో అమెరికాలోని డ్యూసెన్‌బర్గ్ కంపెనీ ఈ సూత్రంతో నాలుగు చక్రాలనూ ఆపే కార్లను అమ్మకానికి తెచ్చింది.

ద్రవం నొక్కితే దాదాపు కుంచించుకోదు. గాలి అట్లా కాదు. ఒత్తిడి రెట్టింపు చేస్తే సగానికి తగ్గుతుంది. గొట్టంలో గాలిబుడగ ఉంటే మన కాలి తొక్కుడంతా ఆ బుడగను నొక్కటానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు.

దీన్ని మీరే చూడవచ్చు. మందుల షాపులో సూది లేని కొత్త సిరంజిలు రెండు కొనండి. వాటిని సన్నని గొట్టంతో కలిపి, గాలి లేకుండా నీళ్ళు నింపండి. ఒకదాన్ని నొక్కగానే రెండోది లేస్తుంది. ఇప్పుడు కొంచెం గాలి పోనిచ్చి, రెండోదాన్ని ఒకరు వేలితో అదిమి పట్టుకోగా మొదటిదాన్ని నొక్కండి. మెత్తగా దిగుతుంది, అవతల కదలదు. నా బ్రేకు చేసింది అదే!

మేస్త్రీ చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, కారును జాకీతో ఎత్తి, ఇనుప స్టాండ్ల మీద నిలిపాడు. ఎడమవైపు వెనక చక్రం లోపల తడి కనబడింది. అక్కడ రబ్బరు వాషరు అరిగి ద్రవం కారింది. డబ్బాలో మట్టం తగ్గి గాలి చేరింది. ముందు వాషరు మార్చాడు. “కారే చోటు బాగు చేయకుండా ఎయిర్ తీస్తే, చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టేనండీ,” అన్నాడు.

తరువాత గాలి తీయటం. చక్రం వెనక ఉన్న చిన్న నిప్పిలుకు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను బ్రేకు ఆయిలు ఉన్న సీసాలో ముంచాడు. నేను పెడలు తొక్కిపట్టాను. అతడు నిప్పిలు వదులు చేయగానే బుడగలతో ద్రవం సీసాలోకి వచ్చింది. నిప్పిలు బిగించాక నేను కాలు తీయాలి. ఒకసారి తొందరపడి ముందే తీశాను. గాలి మళ్ళీ లోపలికి పోయింది. “నేను కట్టేదాకా కాలు తియ్యకండి, మాస్టారూ!” అన్నాడు. మనవరాలు ఫక్కున నవ్వింది. డబ్బాలో మట్టం తగ్గకుండా చూచే ఉద్యోగం ఆమెదే. దూరపు చక్రంతో మొదలుపెట్టి, బుడగలు ఆగేదాకా నాలుగింటికీ ఇట్లాగే చేశాం. చివరకు పెడలు రాయిలాగా గట్టిపడింది.

బ్రేకు ఆయిలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తది 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదని నియమం. చెమ్మ పట్టినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు వంటి దిగుడులో బ్రేకులు కాగినప్పుడు అది మరిగి ఆవిరైతే, ఆవిరి కూడా గాలిలాగే కుంచించుకుపోతుంది. అందుకే సీసాలోకి తీసినదాన్ని తిరిగి పోయరాదు. మామూలు ఇంజను ఆయిలు అసలే పోయరాదు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఈ ద్రవం విషం, కళ్ళకు హాని, కారు రంగును కూడా తినేస్తుంది. కాబట్టి ఈ పని తెలిసినవారే చేయాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కారు కిందికి దూరకూడదు.

పిల్లలూ, హోంవర్కు ఎగ్గొట్టి, “రేపు చేస్తానండీ” అన్న కుర్రవాణ్ణి నేనెన్నడూ ఊరికే వదలలేదు. నాలుగు రోజులు “రేపు చూద్దాం” అన్న నన్ను ఆ గేదె వదిలిపెట్టింది! పెడలు మెత్తబడిందని మీ నాన్నగారు అంటే, ఆనాడే బాగుచేయించమని చెప్పండి.

ఇక ఒక ప్రశ్న. బ్రేకులో గాలి చేరితే ప్రమాదమన్నాను. మరి రైలుబండినీ పెద్ద లారీనీ ఆపేవి గాలి బ్రేకులే! అదెట్లా? ఆలోచించి పెట్టుకోండి. వచ్చే నెల చెప్పుకుందాం.