శిలాశాసనము హక్కుపత్రము కాదు

పరదేశమును మ్రింగఁ దలఁచినవానికి మొదట ఫిరంగి కావలెను. పిమ్మట పండితుఁడు కావలెను. ఇందుకుఁ గొరియా చరిత్రమే సాక్ష్యము.

391లో గ్వాంగ్గెతొ కొగుర్యో రాజ్యమునకుఁ బ్రభువయ్యెను. అప్పటి కాతనికి 18 ఏండ్లు. 396లోఁ బేక్చె రాజ్యముపై దండెత్తి 58 కోటలను, 700 పల్లెలను గైకొని యా రాజును లోఁబఱచుకొనెను. 400లో సిల్లా రాజ్యము మొఱపెట్టుకొనఁగా, వా యనఁబడు ప్రాచీన జపాను జనులను దఱుముటకు 50,000 సేనను బంపెను. 39వ యేటనే మరణించెను. 414లోఁ గుమారుఁడు జంగ్సు, నేఁటి చైనాలోని జీఆన్ వద్ద, ఆఱు మీటర్లకు మించిన శిలపైఁ దండ్రి విజయములను జీనా లిపిలోఁ జెక్కించెను.

1883 ప్రాంతమున జపాను సైన్యోద్యోగి యొకఁడు దాని యచ్చుప్రతిని సంపాదించి స్వదేశమునకుఁ గొనిపోయెను. 391లో వా జనులు సముద్రము దాఁటి పేక్చెను, సిల్లాను లోఁబఱచుకొనిరని యందలి యొక వాక్యమును జపాను పండితులు చదివిరి. అక్షరములు కొన్ని చెడినవి; విరామచిహ్నములు లేవు. దాఁటినది కొగుర్యో సేనయే యని కొరియా పండితులు వాదించిరి. సైన్యమువారు సున్నము పూసి యక్షరములనే మార్చిరని 1972లో లీ జిన్‌హీ యను చరిత్రకారుఁ డారోపించెను. ఆ నేరము ఋజువు కాలేదు; సున్నము ప్రతులు తీయు స్థానికుల పనియే యని తరువాతి పరిశోధకులు పలువురు తలఁచిరి.

సరే, వాదమునకై జపాను పాఠమునే యంగీకరింతము. ఏమి సిద్ధించును? నాల్గవ శతాబ్దపు దండయాత్ర యిరువదవ శతాబ్దమున హక్కుపత్రమగునా? ఇట్టి దావా మునసబు కోర్టులోనైన నిలుచునా? 1910లోఁ గొరియాను గలుపుకొని 1945 వఱకు నేలినది సైన్యబలము. ప్రాచీన సంబంధము సాకు మాత్రమే.

సాకు లింకను జావలేదు. 2002లో నారంభమైన చైనా పరిశోధన ప్రణాళిక కొగుర్యోను జైనా ప్రాంతీయ రాజ్యముగా లెక్కింపఁగా, 2004లోఁ గొరియాయం దాగ్రహము చెలరేఁగెను. ఆ యాగ్రహము న్యాయమే. కాని గ్వాంగ్గెతొ గెలిచిన పల్లెల లెక్క చూపి మంచూరియా మాదనువారును ఆ తప్పునే చేయుచున్నారు.

శాసనపుఁ దుదిభాగము నెవ్వరును జెండాలపై వ్రాసికొనరు. అందు సమాధిని గాచు 330 కుటుంబముల పట్టిక గలదు. ధనవంతుఁడైనను వారిని గొనరాదను నిషేధము గలదు. వారిలో 220 కుటుంబములు దండయాత్రలలోఁ జెఱపట్టి తెచ్చినవి. రాజుల విజయమునకు వెల యిచ్చినవారు వారే. శిలను వారి పక్షమునఁ జదువువాఁడే చరిత్రకారుఁడు. తక్కినవారు రాజులకు వకీళ్లు!